మా అవ్వ మిద్దె

సివిల్ ఇంజినీరింగ్ చదివేవాళ్ళకి చుట్టాల ఇళ్ళలో ఒక ఉద్యోగం ఎప్పుడూ ఖాయం. సి.ఎస్.ఇ. వాళ్ళను ప్రింటర్ బాగుచెయ్యమంటారు, మమ్మల్ని గోడ దగ్గరికి తీసుకుపోయి నెర్రె చూపించి "ఏమ్మా, ఇది ప్రమాదమేనా?" అంటారు. ఫస్టియర్లో ఉన్నప్పటి నుంచి ఈ ప్రశ్నకి జవాబులు చెప్పుకుంటూనే వస్తున్నా. కానీ మొన్న ఎండాకాలం సెలవుల్లో మా సొంత ఇంటి గురించే ఆ ప్రశ్న వచ్చింది. "ఉంచాలా, పడగొట్టాలా?" అన్నది అసలు ప్రశ్న.

ఆ ఇల్లు తిరుచానూరులో ఉంది. అమ్మవారి గుడికి నడిచిపోయేంత దూరం. మా తాత వాళ్ళ నాయన 1930ల్లో కట్టించినాడని ఇంట్లో చెప్పుకుంటారు. వీధి వైపు రెండు తిన్నెలు, తర్వాత నడవ, నట్టిల్లు, వంటిల్లు, వెనక ఒకప్పటి గొడ్ల కొట్టం. గోడలు ముప్పాతిక గజం మందం, రాయీ మట్టీ సున్నమూ. పైన మిద్దె. ఇప్పుడు అందులో మా అవ్వ ఒక్కతే ఉంటుంది. మేము తిరుపతిలో అద్దె ఇంట్లో ఉంటాం, మా చిన్నాయన వాళ్ళు చెన్నైలో.

మిద్దె అంటే మనందరికీ తెలిసిందే అనుకుంటాం గానీ, అది ఎలా నిలబడిందో నేను థర్డియర్ దాకా తల ఎత్తి చూసినదాన్ని కాదు. దీన్ని మద్రాస్ టెర్రస్ అంటారు. మన చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా, పద్ధతి కూడా అక్కడిదే. ఒక గోడ నుంచి ఇంకో గోడకి టేకు దంతెలు వేస్తారు, అడుగున్నర ఎడంతో. వాటి మీద అంగుళం మందం ఉండే పలుచని చిన్న ఇటుకలను నిలువు అంచు మీద, గోడకు ఏటవాలుగా, ఒకదానికొకటి ఆనించి సున్నంతో పేర్చుకుంటూ పోతారు. కింద సెంట్రింగ్ పలకలు ఉండవు. ఒక మూల నుంచి మొదలుపెట్టి వరుస మీద వరుస పేరిస్తే సున్నం పట్టు మీదే ఇటుకలు నిలుస్తాయి. దాని మీద మూడు నాలుగు అంగుళాలు ఇటుక జల్లీ సున్నమూ కలిపి పరిచి, చెక్కలతో రోజుల తరబడి దిమ్మిస చేస్తారు. ఆపైన చదును పెంకులు. ఇనుము ముక్క ఒక్కటి లేదు.

అట్లాంటి మిద్దె 2021 నవంబరులో మొదటిసారి మమ్మల్ని భయపెట్టింది. ఆ వానలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. తిరుపతి వీధులు ఏరులయ్యాయి, స్వర్ణముఖి పొంగింది, తిరుమల మెట్లదారిలో నీళ్ళు జలపాతంలా దూకాయి. ఆ వారం నట్టింట్లో పడమటి మూల కారడం మొదలైంది. అవ్వ ఇత్తడి గుండిగ పెట్టింది. తర్వాతి ఏడాది గుండిగ పక్కన బకెట్టు చేరింది. ఆ పై ఏడాది ఒక దంతె వంగినట్టు కనబడింది.

ఇంక అప్పుడు చిన్నాయన వచ్చినాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు, అందుకే జవాబు చెప్పడం కష్టమైంది. "తిరుచానూరులో గుడి పక్కన స్థలం. ఏడాది పొడుగునా యాత్రికులు వస్తారు. నాలుగంతస్తులు లేపి గదులు కడితే ఇద్దరన్నదమ్ముల పిల్లల చదువులూ గడిచిపోతాయి. ఈ మట్టి గోడల మీద డబ్బులు పెట్టి ఏం సాధిస్తాం వదినా?" అని మా అమ్మను అడిగినాడు. నాయన తల వంచుకున్నాడు. నా ఫీజు, తమ్ముడి ఇంటరు ఫీజు ఆ తల లోపల తిరుగుతున్నాయని నాకు తెలుసు. అవ్వ వక్కలు కత్తిరిస్తూ కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు.

చిన్నాయన నా వైపు తిరిగి "ఏమ్మా ఇంజినీరూ, నువ్వు చెప్పు. ఇది నిలుస్తుందా?" అన్నాడు.

"చూసి చెప్తా చిన్నాయనా. వారం టైమియ్యండి" అన్నా.

ఆ వారంలో చేసిందంతా చాలా చిన్న పనులే. టేపు పెట్టి గది కొలిచినా: పదడుగులు, పదిహేనడుగులు. తొమ్మిది దంతెలు. మిద్దె మొత్తం మందం దాదాపు తొమ్మిది అంగుళాలు. ఇటుకా సున్నమూ కలిపి చదరపు మీటరుకి నాలుగు వందల కిలోలు వేసుకుంటే ఆ ఒక్క గది కప్పే ఐదున్నర టన్నులు. అంటే ఒక్కో దంతె మీద ఐదున్నర క్వింటాళ్ళు, అవ్వ పుట్టక ముందు నుంచి. వాన నీళ్ళు పీలిస్తే ఇంకా బరువు.

తర్వాత స్క్రూడ్రైవరు తీసుకుని నిచ్చెనెక్కి ప్రతి దంతెనూ రెండు చివర్లా, నడుమా పొడిచి చూసినా. చెక్క గట్టిగా ఉంటే మొన దిగదు, తడితే కంగుమంటుంది. కుళ్ళితే వెన్నలో దిగినట్టు దిగుతుంది. ఏడు దంతెలు గట్టివి. రెండు మాత్రం పడమటి గోడలోకి దూరే చోట, జానెడు మేర, చెదలు తిని బొరుసైపోయినాయి. నడుమ అంతా బాగుంది!

చివర్లే ఎందుకు పాడైనాయి? కారణం గోడ బయట ఉంది. చాలా ఏళ్ళ కిందట ఆ పడమటి గోడకి సున్నపు పూత రాలిపోతే సిమెంటు పూత పూయించినారు. ఆ రోజుల్లో అందరూ చేసిన పనే. కానీ మట్టీ సున్నమూ కలిసిన గోడ తడి పీల్చుకుని, ఎండ కాసినప్పుడు వదిలేస్తుంది. సిమెంటు పూత గట్టిది, ఆ తడిని బయటికి పోనివ్వదు. ఎక్కడో ఒక వెంట్రుక మందం నెర్రెలోంచి నీళ్ళు లోపలికి పోతాయి, తిరిగి రావడానికి దారుండదు. అట్లా నిలిచిన తడి దంతె చివర్లకి చేరింది. తడి చెక్క చెదలకి విందు. పైకప్పు కారడానికి కారణం వేరు: పెంకుల సందుల్లో రావి మొక్క వేళ్ళు, మూసుకుపోయిన నీటి తూము.

అంటే జబ్బు ఇల్లంతా లేదు. రెండు దంతెలు, ఒక గోడ పూత, ఒక మూల కప్పు. అంతే.

ఈ లెక్కలు చూసుకుంటున్నప్పుడే స్వీడన్ పల్లెల్లో పాత దుంగల ఇళ్ళు బాగుచేసుకునేవాళ్ళ వీడియోలు చూసినా. అక్కడ ఇల్లంటే దేవదారు జాతి దుంగలను పడుకోబెట్టి, మూలల్లో ఒకదానిలో ఒకటి గాడి కోసి బిగించింది. నేలకు దగ్గరగా ఉండే అడుగు దుంగ మొదట కుళ్ళుతుంది. వాళ్ళు ఇల్లు పడగొట్టరు. జాకీలతో ఇంటిని రవ్వంత లేపి, ఆ దుంగ ఒక్కటే తీసి, అదే జాతి చెక్కతో కొత్త దుంగ దూరుస్తారు. ఫలూన్ రాగి గని మట్టితో చేసే ఎర్ర రంగు పూస్తారు, అది చెక్కను ఊపిరి పీల్చుకోనిస్తుంది. మంచు దేశానికీ మన ఎండలకీ పోలిక లేదు. అయినా చెడింది మాత్రమే తియ్యాలి, తీసినచోట అదే రకం సరుకు పెట్టాలి అన్న సూత్రం మాత్రం మా నట్టింటికి సరిగ్గా సరిపోయింది.

వారం తర్వాత కాగితం మీద రెండు లెక్కలు రాసి చూపించినా. బాగుచెయ్యడానికి ఎంత, కొత్తది కట్టడానికి అప్పెంత, వడ్డీ ఎంత. చిన్నాయన రెండుసార్లు చదివినాడు. చివరికి ఒప్పందం ఇట్లా కుదిరింది: ముందు భాగం ఉంచాలి. వెనక గొడ్ల కొట్టం పడగొట్టి, వేరే పునాది మీద చిన్నాయన రెండు గదులు కట్టుకోవాలి. "ఇదీ అమ్మ ఉన్నంత వరకే. ఆ తర్వాత మళ్ళీ మాట్లాడుకుందాం" అన్నాడు ఆయన, మెల్లగా.

అవ్వకి వినబడింది. "అయితే నేను రోంత గట్టిగా ఉండాల్నన్నమాట" అంది వక్క నోట్లో వేసుకుంటూ. ఎవరం నవ్వలేకపోయాం. తర్వాత ఆమే నవ్వింది.

పనివాళ్ళను వెతకడం అన్నిటికంటే కష్టం. ముగ్గురు మేస్త్రీలు వచ్చి చూసి "స్లాబు వేసేద్దాం పాపా" అని పోయినారు. నాలుగో ఆయన పెద్దాయన, చిన్నప్పుడు తన నాయన వెంట సున్నం పనికి పోయిన బేల్దారి. మిద్దె కింద నిలబడి చాలాసేపు ఇటుకల వరసలు చూసినాడు. "ఇట్టాంటిది పేర్చి నలభై ఏళ్ళయింది. చేతికి గుర్తుంటాదో లేదో చూద్దాం" అన్నాడు.

టేకు కొత్తది కొనే శక్తి మాకు లేదు. తిరుపతిలో ఎవరిదో పాత ఇల్లు పడగొడితే వచ్చిన దంతెలు అమ్మకానికి ఉన్నాయని ఆచారి చెప్పినాడు. మన ఇల్లు నిలబెట్టుకోవడానికి ఇంకొకరి ఇల్లు కూలినచోట బేరమాడడం నాకు ఎట్లనో అనిపించింది. కానీ చెక్క బంగారం లాంటిది, ఎండి ఎండి రాయిలా ఉంది. నాలుగంగుళాల వెడల్పు, ఆరంగుళాల లోతు. ఆచారికి బి.డి.క్యూబ్ బై 12 తెలీదు. అయినా ఆరంగుళాల వైపే నిలువుగా రావాలని గుర్తు పెట్టుకున్నాడు. పడుకోబెడితే అదే దంతె బిగువు సగానికి తగ్గిపోతుందని నేను లెక్క వేసి చెబితే, "ఆ మాత్రం తెలీకుండానా పాపా, ఉలి పట్టింది?" అన్నాడు.

గదిలో జాకీలు పెట్టి కప్పు బరువు వాటి మీదికి తీసుకున్నాక, పాడైన రెండు దంతెలూ ఒకదాని తర్వాత ఒకటి మార్చినారు. కొత్త దంతెల చివర్లకి చెదలమందు పట్టించి, గోడలో చుట్టూ గాలి ఆడేంత సందు వదిలినారు. పడమటి గోడ మీద సిమెంటు పూత అంతా చెక్కేసినారు. లోపలి మట్టి చేతికి చల్లగా, తడిగా తగిలింది. మూడు వారాలు దాన్ని ఊరికే ఆరనిచ్చినాం.

సున్నం సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. కాల్చిన సున్నపురాయి మీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతుంది, కళ్ళకి అద్దాలు లేకుండా దగ్గరికి పోకూడదు. అట్లా చల్లార్చినది కాల్షియం హైడ్రాక్సైడ్. గాల్లోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ మెల్లగా మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. అంటే రాయి పొడై, పూతై, తిరిగి రాయవుతుంది. మనం కెమిస్ట్రీలో మార్కుల కోసం రాసే ఈక్వేషన్ అదే! మేస్త్రి కరక్కాయలు దంచి, బెల్లంతో కలిపి తొట్టిలో నానబెట్టినాడు. ఆ పులిసిన నీళ్ళే సున్నంలో కలిపినాడు. ఎందుకని అడిగితే "పట్టు కోసం" అన్నాడు. పుస్తకాల్లో చూస్తే, తీపి ఉన్న నీళ్ళలో సున్నం మామూలు నీళ్ళలో కంటే ఎక్కువగా కరుగుతుందట. బెల్లం గట్టిపడే వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి దిమ్మిస చెయ్యడానికి టైమూ దొరుకుతుంది. ఇటుక పొడి కలిపితే తడిలోనూ బిగుస్తుంది. మేస్త్రి మాటా, పుస్తకం మాటా ఒకటే, భాషే వేరు.

పడమటి మూల కప్పు విప్పి, ఇటుకలు మళ్ళీ ఏటవాలుగా పేర్చేటప్పుడు మేస్త్రి మొదటి రెండు వరసలకీ ఒక పూట పట్టింది. మూడో వరస నుంచి చేతులు వాటంతట అవే కదిలినాయి. తర్వాత దిమ్మిస. నలుగురు ఆడవాళ్ళు చెక్కలు పట్టుకుని వరసగా కూర్చుని, బెల్లం నీళ్ళు చిలకరిస్తూ ఆరు రోజులు కొట్టినారు. ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళ చెక్కలే తాళం. నేనూ ఒక గంట కొట్టినా. రెండు రోజులు అన్నం ముద్ద పైకి లేవలేదు. ఆ గంట తర్వాత "కాంపాక్షన్" అన్న మాట నాకు వేరేగా వినిపిస్తోంది.

మొత్తం ఖర్చు నాలుగు లక్షలు దాటింది. నేను కాగితం మీద రాసినదానికంటే రవ్వంత ఎక్కువే. నాయన చీటీ పాడినాడు. చిన్నాయన అడగకుండానే యాభై వేలు పంపినాడు.

కార్తీక బ్రహ్మోత్సవాల్లో చివరి రోజు పంచమితీర్థం. తిరుమల నుంచి అమ్మవారికి సారె వస్తుంది, పద్మసరోవరంలో చక్రస్నానం, ఊరంతా మనుషులే. ఎన్నో ఏళ్ళుగా ముందురోజు రాత్రే వచ్చి మా తిన్నెల మీద పడుకునే యాత్రికులు ఉంటారు. అవ్వ వాళ్ళ ఊరు అడుగుతుంది, పేరు అడగదు. మొన్న కూడా వచ్చినారు. ఆ రాత్రి వాన పడింది. నేను నట్టింట్లో పడుకుని కప్పు వైపే చూస్తూ ఉన్నా. ఒక్క బొట్టు రాలేదు. వెనక చిన్నాయన కొత్త గదులు రెండూ నిండినాయి. ఆయన ఫోన్లో అవ్వను అడిగిన మొదటి మాట "మిద్దె కారిందామ్మా?" అని.

ఆ తర్వాత ఇల్లు ఏమవుతుందో నేను చెప్పలేను. అది అన్నదమ్ముల మాట. నేను మాత్రం ప్లాను, ఎలివేషను, కప్పు అడ్డుకోత అన్నీ కొలిచి గీసి పెట్టినా. చంద్రగిరి రాజమహల్ రాయీ ఇటుకా సున్నంతో, కర్ర వాడకుండా కట్టిన మూడంతస్తుల మేడ. దాన్ని కాపాడ్డానికి పురావస్తు శాఖ ఉంది. మన అవ్వల మిద్దెలకి ఏ శాఖా లేదు. ఈ సంక్రాంతి సెలవులకి ఊరికి పోయినప్పుడు, మీ వీధిలో ఇట్లాంటి ఇల్లు ఒకటి మిగిలుంటే, ఒక టేపూ స్క్రూడ్రైవరూ తీసుకుని లోపలికి పోండి. దంతెలు లెక్కపెట్టండి. కట్టిన పద్ధతి తెలిసిన మేస్త్రి ఎవరైనా ఉంటే పక్కన కూర్చుని అడిగి రాసుకోండి. గీసినవి మా సివిల్ బ్రాంచికి తెచ్చిస్తే, వచ్చే సంచికలో వేద్దాం.