విమానం టికెట్టు, మిరప కూలి

పోస్టు కొంచెం పెద్దది. దూరం ఊర్లో సదస్సుకు పిలుపొచ్చి, చార్జీలు చూసి ఆగిపోయేవాళ్ల కోసం రాస్తున్నా.

పోయిన ఫిబ్రవరిలో ఢిల్లీలో ఒక సోషల్ వర్క్ సదస్సుకు నా పేపర్ తీసుకున్నారు. ఆదోని, కోసిగి పక్క పల్లెల నుంచి సుగ్గికి పోయేవాళ్ల పిల్లల చదువు గురించి రాసినా. అప్పుడు మా యాడి, బాపు గుంటూరు పక్క మిరపకాయలు తెంపుతున్నారు.

కర్ణాటక ఎక్స్‌ప్రెస్ మన లైన్ మీదనే ఢిల్లీకి పోతుంది. కానీ ముప్పై గంటలు దాటుతుంది. నాకేమో ముందురోజు మధ్యాహ్నం దాకా పరీక్ష. అందుకే పోయేటప్పుడు విమానం, వచ్చేటప్పుడు రైలు స్లీపర్ అనుకున్నా. సగం ఖర్చు అక్కడే తగ్గింది.

మన జిల్లాలో ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు 2021 నుంచి ఉంది గానీ అక్కడి నుంచి ఢిల్లీకి నేరుగా లేదు. బెంగళూరులో మారి పోతే రేటు పెరుగుతోంది. శంషాబాదే నయం. కర్నూలు మీదుగా పోయే హైదరాబాద్ బస్సు ఎక్కి శంషాబాద్‌లోనే దిగొచ్చు, సిటీలోకి పోనక్కర్లేదు. తెల్లవారుజాము విమానం రేటు తక్కువుంది. రాత్రంతా కుర్చీలో కూర్చున్నా, రూము ఖర్చు లేదు.

ఒక యాప్‌లో మొదట 4,100 చూపించింది. డబ్బు కట్టే పేజీకి పోతే 5,000 దాటింది. సీటు, ఇన్సూరెన్స్, వాళ్ల ఫీజు అన్నీ కలిపేసినారు. అవి తీసేసి, విమాన కంపెనీ సొంత సైట్‌లో స్టూడెంట్ రేటుతో చూస్తే తగ్గింది. దానికి కాలేజీ ఐడీ చూపించాలి. చేతి సంచి 7 కేజీలు దాటకుండా చూసుకోండి.

నేను చేసిన తప్పు చెప్తా. టికెట్‌లో కాలేజీ ఐడీలో ఉన్నట్టు పేరు కొట్టినా. ఆధార్‌లో వెనక నాయక్ ఉంది. రాత్రి పది గంటలకు చూసుకుని గుండె ఆగినంత పనైంది. కంపెనీ సైట్‌లోనే కొన్నాను కాబట్టి 24 గంటల లోపల చెప్తే పేరు ఉచితంగా సరిచేసినారు. మీరు మాత్రం ఆధార్ ముందర పెట్టుకుని కొట్టండి.

అసలు కష్టం ఇంకొకటి. సాయం అడగడానికి రెండు రోజులు సిగ్గుపడి, ఆఖరికి నిర్వాహకులకు మెయిల్ పెట్టినా. సగం చార్జీ ఇస్తామన్నారు. కానీ సదస్సు అయినాక, బోర్డింగ్ పాస్ చూపిస్తేనే. చేతిలో డబ్బున్నోళ్లకు అది సాయం. మనకు ముందే ఎవరో ఒకరు అప్పు పడాలి. మా యాడి మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకుని పంపింది. పది రోజులకు పైగా కూలి అది. నిర్వాహకుల డబ్బు రావడానికి నెల దాటింది.

అందుకే పిలుపు రాగానే మొదటి మెయిల్‌లోనే అడగండి: "టికెట్ మీరే కొనిస్తారా?" కాదంటే పోయేదేముంది? ఈసారి నేనూ అట్లే అడుగుతా. మీకెవరికైనా పిలుపొస్తే ఆదోని హాస్టల్‌కు రండి, కలిసి కూర్చుని రేట్లు చూద్దాం.