సాల్హేర్ దిగుడు

సూరత్ లింబాయత్‌లో ఇరవై రెండేళ్లుగా సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నా. పన్నెండు గంటల డ్యూటీ, అంతా నిలబడే. నా కాళ్లు గట్టివన్న ధీమా అక్కడ వచ్చిందే. దీపావళికి కార్ఖానాలు మూసినప్పుడు ఈసారి మా ఊరు వరంగల్ పోలేదు. కొడుకూ బామ్మర్దీ సాల్హేర్ ఎక్కుదామంటే సరేనన్నా.

డాంగ్ అడవులు దాటితే నాసిక్ జిల్లాలో ఉందా కోట. ఎత్తు 1,567 మీటర్లు. మహారాష్ట్రలో కల్సూబాయి తర్వాత అదే పెద్ద శిఖరం. మా సూరత్‌ను 1664లో, 1670లో దోచిన శివాజీ 1671లో దీన్ని పట్టుకున్నాడని దారి పొడుగునా బామ్మర్ది ఒకటే చెప్పుడు.

పొద్దున్నే వాఘాంబే ఊరి నుంచి ఎక్కాం. పక్కనున్న సాలోటా కోటకూ సాల్హేర్‌కూ నడుమ ఇరుకు కనుమలో గాలి మనిషిని తోసేస్తోంది. అక్కణ్ణుంచి రాతిలో తొలిచిన మెట్లు, ఒకదాని వెనక ఒకటి దర్వాజాలు, ఆపైన గుహల ముందు సన్నని బాట. ఒకపక్క గోడలాంటి బండ, ఇంకోపక్క ఏమీ లేదు. బండనే చూస్తూ నడిచా.

పైన గంగాసాగర్ చెరువు. అంత ఎత్తున నిండా నీళ్లు! మా సీసాలు అప్పటికే ఖాళీ. పచ్చగా ఉన్నాయి, తాగొద్దన్నాడు కొడుకు. తాగా. శిఖరం మీద పరశురాముడి పాదుకలున్న చిన్న గుడి. ఇక్కణ్ణుంచే బాణం వేసి సముద్రాన్ని వెనక్కి జరిపాడట. నాకప్పటికి నా కాళ్లే జరగడం లేదు.

దిగుడు సాల్హేర్‌వాడీ ఊరి వైపు. తొడలు వణుకుతున్నాయి. నిలబడే బలం వేరు, దిగే బలం వేరు. "మీరు నడవండి, మెల్లగా వస్తా" అన్నా. అదే తప్పు. ఎండుగడ్డిలో బాట చీలిన చోట పశువుల దోవ పట్టా. అది పోయి పోయి లోయ అంచున ఆగింది. పొద్దు గుంకింది. ఫోను చచ్చిపోయింది. కూర్చుండిపోయా. చెవుల్లో సాంచాల మోత. అది నాకెప్పుడూ ఉండేదే, నిద్రలో కూడా.

చాలాసేపటికి పైన ఎక్కడో సెల్ లైటు ఊగింది. తువ్వాల తీసి ఊపా. కొడుకు వచ్చి భుజాలు పట్టి కుదిపేశాడు.

"అరగంట నుంచి మొత్తుకుంటున్నం నాయినా, ఎందుకు పలకలే?"

"వినపడలే బిడ్డా."

టీవీ సౌండు మీద ఇంట్లో ఎన్ని గొడవలైనా ఆ మాట నేనెన్నడూ ఒప్పుకోలేదు. తువ్వాల ఒక కొస నా మణికట్టుకు కట్టి, రెండో కొస వాడు పట్టుకున్నాడు. ఊళ్లోకి చేరేసరికి రెండు గంటలు పట్టింది. ఎవరో ఇంత డికాషన్ పోశారు.

కార్ఖానా తెరిచిన రోజు చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిరడాలు నా టిఫిన్ డబ్బా మీద పెట్టి పోయాడు వాడు. ఒకటి మొదటి పూటే సాంచా కింద పడి పోయింది. రెండోది కుడిచెవిలో పెట్టుకుంటున్నా.