నీటికి వాటం

మా తాడేపల్లిలో స్నానమంటే చాలాకాలం కృష్ణే. సీతానగరం రేవులో మునిగి తడిబట్టలతో ఇల్లు చేరిన తరం ఇంకా మన మధ్యే ఉంది. 2016 పుష్కరాలకు ఆ రేవు ఎంత కిటకిటలాడిందో చూసినవాళ్ళకు తెలుసు. ఏటికి ఎవరూ దారి చూపనక్కర్లేదు. ఇంట్లోకి తెచ్చుకున్న నీటికి మాత్రం మనమే చూపాలి. మా స్నానాలగదిని నా చేతులతో తిరగ్గట్టుకుంటున్నప్పుడు ఈ సంగతి బాగా ఒంటబట్టింది.

పాత గచ్చు పగలగొట్టగానే అడుగున చెమ్మ కనబడింది. పక్కగది గోడకు పెచ్చులూడుతున్నది అందుకే. మన గుంటూరు సీమ నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. నేల కదిలితే గచ్చూ గొట్టాల అతుకులూ కదులుతాయి. పైన ఎంత ఖరీదైన టైలు అతికించినా నీరు సందు వెతుక్కుంటూనే ఉంటుంది.

"ముందు వాటం చూడు అబ్బాయ్, టైలు తర్వాత" అన్నాడు మా వీధి తాపీమేస్త్రీ బాబాయి. రసమట్టం పెట్టి, మీటరుకు సెంటీమీటరు చొప్పున, నీరు బయటికి పోయే నానీ ట్రాపు వైపు వాలు దించాను. ఇది కొత్త విద్యేమీ కాదు. నాలుగువేల ఏళ్ళు దాటిన మొహెంజొదారో మహాస్నానవాటికలో అడుగును నైరుతి మూలకు వాలుగా దించారు. నీరు ఇంకకుండా ఇటుకల వెనక తారు పూశారు. నేటి వాటర్‌ప్రూఫింగ్ పూత చేసే పనీ అదే.

ఆ పూత ఆరాక ట్రాపు మూతి బిగించి, రెండంగుళాల నీళ్ళు కట్టి, గోడ మీద గీత గీసి, ఒక రోజంతా వదిలేయాలి. గీత దగ్గరే నీళ్ళు నిలిస్తే టైలు పరవొచ్చు. ఈ ఒక్క రోజును మిగుల్చుకోబోయి ఏళ్ళ తరబడి చెమ్మతో కాపురం చేస్తున్న ఇళ్ళు ఎన్నో. ఇక వాడకంలోకి వచ్చాక ట్రాపులో ఎప్పుడూ నిలిచే కాసిని నీళ్ళే మురుగు వాసనను ఇంట్లోకి రాకుండా ఆపుతాయి. వాడకం లేక అవి ఎండితే వాసన కొడుతుంది. చెంబెడు నీళ్ళు పోస్తే పోతుంది.

టైలు ఎంచేటప్పుడు మాత్రం నాకు అమ్మ కాళ్ళే గుర్తొచ్చాయి. వెనకటి పెరటి స్నానాలగదుల్లో పల్నాటి నాపరాళ్ళు పరిచేవారు. మెరుగు పెట్టని నాపరాయి తడిసినా కాలు నిలుస్తుంది. అందుకే అద్దంలా మెరిసేవి వద్దని గరుకు టైలు తెచ్చాను. అమ్మ పట్టుకుని లేవడానికి గోడకు స్టీలు కమ్మీ బిగించాను. టైలు కోసేటప్పుడు మూతికి మాస్కు కట్టుకున్నాను, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. గీజరు కరెంటు పని మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియనుకే అప్పగించాను. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు తెగిపోయే ట్రిప్పరు పెట్టించాను. తడి, కరెంటు కలిసేచోట సొంత ప్రయోగాలు పనికిరావు.

ఇల్లు బాగుచేసుకునేవారికి నా మనవి ఒక్కటే. టైల్స్ షాపుకు వెళ్ళేముందు స్నానాలగదిలో బకెట్ నీళ్ళు కుమ్మరించి, అవి ఎటు పోతున్నాయో చూడండి. డబ్బూ ఓపికా ముందు అక్కడ పెట్టండి.