శిలువ ఎక్కడ పెట్టాలి?

వ్యాపారానికి వెబ్‌సైటు చేయించుకునే కథోలికుల్లో చాలామందికి ముందు వచ్చే సందేహం, శిలువ బొమ్మ ఎక్కడ పెట్టాలని. నాకైతే ధరల పట్టికే మన విశ్వాసానికి అసలు సాక్ష్యం అనిపిస్తుంది. చివర్లో బయటపడే అదనపు చార్జీలు ఉండకూడదు. సరుకులో లోపముంటే అదీ రాయాలి.

కూలివాడికి న్యాయమైన వేతనం ఇవ్వాలని 13వ లియో పోపు 1891లోనే ‘రేరుమ్ నోవారుమ్’ లేఖలో చెప్పారు. మరి ‘మా గురించి’ పేజీలో యజమాని ఫొటో పక్కన పనివాళ్లకు చోటుందా? 2025లో పునీతుడైన కార్లో అకుటిస్ తన కంప్యూటర్ నేర్పుతో దివ్యసత్ప్రసాద అద్భుతాలను లోకానికి చూపించాడు. మనం కనీసం ఆదివారం ఆర్డర్లు ఆపగలమా? ఆపితే కొంత నష్టమే. అయినా మన విశ్వాసం ఏపాటిదో కొనేవాళ్లకు అక్కడే తెలుస్తుంది.

గుణదల మాత బొమ్మ పెట్టుకోండి, తప్పులేదు. ముందు మాత్రం తూకం సరిచూసుకోండి.