నాలుగో స్థానం

సంక్రాంతి సెలవులకు హాస్టళ్ల నుంచి పిల్లలంతా తాండాకు వచ్చిన రోజులవి. 2024 జనవరి 19, శుక్రవారం సాయంత్రం. రాప్తాడు మండలంలో, హైవే మీద పోయే లారీల మోత వినబడేంత దూరంలో మా తాండా. కందికట్టె వామి పక్కన ఒక్క ఫోను చుట్టూ పద్నాలుగు మందిమి చేరినాం. రాంచీలో మన మహిళల హాకీ జట్టు జపాన్‌తో ఆడుతోంది. గెలిస్తే పారిస్ ఒలింపిక్స్‌కు పోతారు, ఓడితే ఇంటికి.

మేమంటే ముగ్గురం. ఒకే తాండాలో పుట్టి, అనంతపురంలో డిగ్రీ చదివినవాళ్లం. ఇద్దరం పంతుళ్లమైనాం, ఒకరం ఇంకా పరీక్షలు రాస్తున్నాం. సాయంత్రాలు మా ఆడపిల్లలకు హాకీ నేర్పుతాం. మేమేమీ పెద్ద ఆటగాళ్లం కాదు. హాస్టల్లో ఉన్నప్పుడు ఆడినాం, అంతే.

ఆరో నిమిషంలోనే జపాన్‌కు పెనాల్టీ కార్నర్. కానా ఉరాటా గోల్ కొట్టింది. ఇంకా యాభై నిమిషాలకు పైగా ఉందిలే అనుకున్నాం. మనవాళ్లకు కార్నర్ మీద కార్నర్ వచ్చింది. ఒక్కటీ లోపలికి పోలేదు. ఆఖరి క్వార్టర్‌లో ఫోను ఛార్జింగ్ అయిపోతుందేమోనని ఒకరం దాన్నే చూస్తూ కూర్చున్నాం, ఆట చూడ్డానికి ధైర్యం చాలక. 0-1. మొదటి మూడు జట్లకు ఒలింపిక్స్. మనది నాలుగో స్థానం.

వేరే ఎవరి చేతిలో ఓడినా అంత బాధ ఉండేది కాదేమో. మూడు నెలల ముందు, అక్టోబరు 7న, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇదే జపాన్‌ను 2-1తో ఓడించి కాంస్యం తెచ్చినారు. నవంబరు 5న ఇదే రాంచీ మైదానంలో ఆసియా చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో ఇదే జపాన్ మీద నాలుగు గోల్స్ వేసి, ఒక్కటీ ఇవ్వలేదు. ఆ టోర్నీలో ఆడిన ఏడు మ్యాచ్‌లూ గెలిచినారు. ఉత్తమ క్రీడాకారిణి మన ఆదివాసీ బిడ్డ సలీమా టేటే. అలాంటి జట్టు జనవరిలో మొదటి మ్యాచ్‌లోనే అమెరికా చేతిలో 0-1తో తడబడింది. తర్వాత న్యూజిలాండ్‌ను, ఇటలీని గెలిచి సెమీస్‌కొచ్చింది. 18వ తేదీ రాత్రి జర్మనీతో ఆటైతే మేము ఇప్పటికీ మరిచిపోలేం. దీపిక ముందు గోల్ వేసింది. జర్మనీ రెండు వేసింది. ఆట ముగుస్తుందనగా ఇషికా చౌదరి సమం చేసింది. ఇక షూటౌట్. ఇరవైమూడు మీటర్ల గీత నుంచి బంతి తీసుకుని, ఎనిమిది సెకన్లలో గోల్‌కీపర్‌ను దాటించాలి. అది కూడా తేలక సడన్ డెత్ దాకా పోయి 3-4తో పోయింది. గోల్‌కీపర్ సవిత ఫోను తెర మీద బొటనవేలంత కూడా లేదు. అయినా ఆమె ముఖం మాకు కనబడినట్టే అనిపించింది.

మా పిల్లల్లో ఒకరికి ఈ షూటౌట్ కొత్త కాదు. మా జట్టు ఆ ఏడాది మండలం గెలిచింది, డివిజన్ గెలిచింది, జిల్లా సెమీస్‌లో షూటౌట్‌లో ఓడింది. ఆఖరి బంతి కొట్టలేకపోయింది ఈ పిల్లే. పదో తరగతి. మా జట్టులో అందరికంటే బాగా ఆడేది. ఆ రోజు చదునైన మైదానం మీద బంతి తనకు తెలిసినదానికంటే వేగంగా జారింది. మా ఎర్రనేల మీద గులకరాళ్లుంటాయి, బంతి ఎగిరెగిరి వస్తుంది. దాన్ని ఆపడం మా పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. జారే బంతిని ఆపడమే రాదు.

ఆ పిల్ల నాయన రెండు రోజులూ మా వెనకాలే కూర్చుని ఆట చూసినాడు. ఆ ఏడాది వాన ముఖం చాటేసింది. శనక్కాయ పెట్టుబడి కూడా రాలేదు. పరీక్షలయ్యాక ఇంటిల్లిపాదీ బెంగళూరుకు పోయి బిల్డింగు పనుల్లో చేరాలని ఆయన లెక్క. పెళ్లి మాట కూడా ఒకటి నడుస్తోంది. పిల్లను ఇక్కడే ఇంటర్‌లో పెట్టి ఆడనియ్యమని మేము బతిమాలుతున్నాం. మేము చేసిన తప్పు ఒకటుంది, ఒప్పుకోవాలి. "ఈ రోజు గెలుస్తారు చూడు కాకా, మనలాంటి తాండాల్లో, గూడేల్లో పుట్టిన పిల్లలే పారిస్ పోతారు" అని ఆయనను పిలిచి కూర్చోబెట్టినాం. మా వాదనంతా వేరేవాళ్ల గెలుపు మీద పెట్టినాం.

ఆట అయిపోయినాక ఆయన లేచి పంచె దులుపుకున్నాడు. "అంత బాగా ఆడేటోళ్లకే ఓడిపోతే ఏమీ లేదంటివి. మా పిల్లను ఏంటికి పంపాలప్పా?" అన్నాడు. కోపంగా అనలేదు. ఆ రాత్రి మా దగ్గర జవాబు లేదు.

గెలుపోటములు సహజం అని పేపర్లు రాస్తాయి. సహజమే, మళ్లీ ఆడే వీలున్నవాళ్లకు. ఒక ఓటమితో బడి, ఆట, ఊరు మూడూ పోయే పిల్లకు ఆ మాట చెప్పడానికి మాకు నోరు రాలేదు.

తర్వాత చాలా రోజులు ఆలోచించినాం. సలీమా, సంగీతా కుమారి ఇద్దరిదీ జార్ఖండ్‌లోని సిండేగా జిల్లా. నిక్కీ ప్రధాన్‌ది పక్కనే ఉన్న ఖూంటీ జిల్లా. లాల్‌రెంసియామి మిజోరం బిడ్డ. వీళ్లను చూసి కొందరు ఆట వీళ్ల రక్తంలోనే ఉందంటారు. మెచ్చుకుంటున్నామనుకుంటారు గానీ, ఆ మాట వాళ్ల కష్టాన్ని తీసి పక్కన పెడుతుంది. సిండేగాలో ఉన్నది రక్తం కాదు, మ్యాచ్‌లు. అక్కడ ఊరూరా పోటీలు పెడతారు, గెలిచిన జట్టుకు మేకపోతు బహుమతి. మేకను కోసుకుని ఊరంతా తింటారు. ఓడినవాళ్లు ఇంకో ఊరి పోటీకి పోతారు. వెదురు కర్రలతో ఆట మొదలుపెట్టి, ఓడుతూ గెలుస్తూ పెద్దవాళ్లైనారు. మా దగ్గర ఏడాదికి ఒకే ఒక్క పోటీ. అందులో ఓడితే మళ్లీ ఏడాది. ఆ ఏడాదిలో ఒక పిల్లకు ఏమైనా కావచ్చు.

అనంతపురంలో ఆర్డీటీ క్రీడాగ్రామం ఉంది, హాకీ నేర్పుతారు. మన సీమ నుంచి పోయిన గోల్‌కీపర్ రజని, అప్పటి చిత్తూరు జిల్లా పల్లెటూరి పిల్ల, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన జట్టులో ఉంది. దారి లేదని మేమనం. ఆ దారి దాకా పోయేలోపు రాలిపోయేవాళ్ల సంగతే మా బాధ.

అన్నట్టు, రాంచీ స్టేడియం పేరు మరాంగ్ గోమ్కే జైపాల్ సింగ్ ముండా స్టేడియం. ఆ రోజు పిల్లలు ఎవరాయన అని అడిగినారు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో భారత్ మొదటి హాకీ స్వర్ణం గెలిచినప్పుడు కెప్టెన్ ఆయనే. జట్టు పెద్దలతో పొసగక ఫైనల్ మాత్రం ఆడలేదు. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున నిలబడి మాట్లాడినాడు. "ఫైనల్ ఆడకుండా కూడా పేరొచ్చిందా అన్నా?" అని అడిగింది ఆ పిల్ల.

పరీక్షలయ్యాక వాళ్లు బెంగళూరుకు పోయినారు. మేము ఆపలేకపోయినాం. పెళ్లి మాట ఆగింది, అదొక్కటే. మేలో సలీమాను కెప్టెన్ చేసినారు. మేము ఆ ఏడాది మూడు తాండాల పిల్లలను కలిపి, నెలకో ఆదివారం పోటీ పెట్టడం మొదలుపెట్టినాం. మేకపోతు కొనే స్తోమత లేదు. మొదటి నెల గెలిచిన జట్టుకు రెండు నాటుకోళ్లు ఇచ్చినాం. ఓడిన జట్టు వచ్చే నెల తేదీ అడిగి పోయింది.

నవంబరు 20న రాజ్‌గీర్‌లో సలీమా జట్టు చైనాను 1-0తో ఓడించి మళ్లీ ఆసియా చాంపియన్స్ ట్రోఫీ గెలిచింది. ఆ రాత్రి బెంగళూరు నుంచి ఫోనొచ్చింది. మేస్త్రీ ఫోన్లో చూసిందంట. జట్టు గురించి రెండు మాటలే మాట్లాడింది. తర్వాత ఆదివారం పోటీ ఎప్పుడని అడిగింది. వచ్చే నెల మొదటి వారమని చెప్పినాం.

"శనివారం రాత్రి బస్సెక్కితే తెల్లారేలోపు రాప్తాడు దగ్గర దిగొచ్చు కదన్నా? నాయనను అడిగినా. సరే అన్నాడు. కర్ర ఇంట్లోనే ఉంది, వాసానికి కట్టిపెట్టినా" అనింది.

వాళ్ల ఇంటి తాళంచెవి మా దగ్గరే ఉంది.