మూడు ఇండ్లకు ఒక్క వాకిలి

గడచిన వర్షాకాలంలో ఒక తెల్లవారుజామున భీమవరం నుండి ఫోను వచ్చింది. మా సంఘంలో పెరిగి, ఉపాధ్యాయుడై, బ్యాంకు అప్పుతో ఆ పట్టణంలో ఫ్లాటు కొనుక్కున్న ఒక సహోదరుని తల్లి ఆ రాత్రి ప్రభువునందు నిద్రించినదని వార్త. మొదటి రైలు ఎక్కాను. వీరవాసరం దాటిన దగ్గరనుండి కిటికీకి రెండు ప్రక్కలా చేపల చెరువులు, రొయ్యల చెరువులు, వాటిలో నీటిని చిలుకుతూ తిరిగే చక్రాలు. జంక్షనులో దిగి ఆటో ఎక్కేసరికి సన్నగా చినుకులు మొదలైనవి.

ఆ వీధికి వెళ్లి చూతును గదా, షామియానా గేటు బయట ఉన్నది. మురుగుకాల్వ ప్రక్కన రెండు బల్లలు కలిపి వాటిమీద ఫ్రీజరు పెట్టె ఉంచారు. కుటుంబమంతా రోడ్డుమీద ప్లాస్టిక్ కుర్చీలలో కూర్చున్నారు. స్కూలు బస్సు వచ్చినప్పుడెల్లా అందరూ లేచి కుర్చీలు ప్రక్కకు జరపవలసి వచ్చింది. పాట మధ్యలో ఆగిపోయేది.

“ఏం చేయమంటారు అయ్యగారండీ, లిఫ్టులో పట్టలేదండి,” అన్నాడు ఆ సహోదరుడు. అది ఆరుగురు మనుష్యులు నిలువుగా ఎక్కుటకు చేసిన లిఫ్టు. పడుకొన్న మనిషికి అందులో చోటులేదు. నాలుగవ అంతస్తు నుండి తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, గుడ్డతో కట్టి, మెట్లమీదుగా దించారట. సెల్లారులో ఉంచుదామంటే అసోసియేషన్ పెద్దలు ఇద్దరు వచ్చి, కార్లు బయటికి తీసే వేళ అనీ, పిల్లలు జడుసుకుంటారనీ, అద్దెకున్నవారు ఖాళీ చేసి పోతారనీ నెమ్మదిగానే చెప్పారు. వారు చెడ్డవారని నేననను. మధ్యాహ్నం ఇద్దరూ సమాధుల తోటకు వచ్చి మట్టి వేశారు.

ఆ తల్లి మా పేటలో ఉన్నప్పుడు ఆమెది తాటాకు ఇల్లు, తరువాత పెంకుటిల్లు. ఆమె ఇల్లు, ఇద్దరు మరుదుల ఇండ్లు, మూడింటికి ఒక్కటే వాకిలి. ఒక వేపచెట్టు, ఒక రుబ్బురోలు, ఒక నీళ్ల గాబు. కోడళ్లు ముగ్గురూ అక్కడే పోట్లాడుకొనేవారు, అక్కడే ఒకరి పిల్లలకు ఒకరు తలంట్లు పోసేవారు. ఆమె భర్తను పండుకోబెట్టినదీ ఆ వేపచెట్టు క్రిందనే. ఆ దినమున ఎవరినీ అనుమతి అడిగిన జ్ఞాపకం లేదు.

ఈ జిల్లాలో వాకిలి అనగానే చాలామంది మండువా లోగిళ్లను తలచుకొంటారు. నాలుగు వైపులా గదులు, లోపలికి వాలిన పెంకుల కప్పు, నడుమ ఆకాశానికి తెరచిన చోటు. వాన ఇంటి నడుమ పడి తూములోగుండా బయటికి పోతుంది. ఎంత ఎండలోనైనా ఇల్లు చల్లగా ఉంటుంది. అయితే అవి అందరికీ ఉన్న ఇండ్లు కావు. మా నాన్నగారు పనికి వెళ్లే ఆసామి ఇంట మండువా ఉండేది. నేను ఆ అరుగు దాటి లోనికి వెళ్లినవాడను కాను. వీధి తలుపులోనుండి లోపల వాన పడుట మాత్రం చూచాను. కనుక పాతకాలమంతా మంచిదని చెప్పుటకు నా నోరు రాదు.

భీమవరం 2022 ఏప్రిల్‌లో పశ్చిమ గోదావరి జిల్లాకు కేంద్రమైనది. ఉద్యోగములకు, చదువులకు పల్లెలు విడిచి వచ్చేవారికి ఇల్లంటే ఇప్పుడు అపార్టుమెంటే. ఇక్కడి నల్లమట్టిలో కొద్ది లోతుకే నీరు తగులుతుంది. అందుచేత కట్టడాన్ని స్తంభాలమీద ఎత్తి, క్రిందిభాగం కార్లకు వదులుతారు. పేరు సెల్లారే గాని అది ఉండేది నేలమీదనే! మన రాష్ట్రంలో 1987లో వచ్చిన అపార్టుమెంట్ల చట్టం ప్రకారం ఉమ్మడి స్థలములలో వాటా ఫ్లాటును అంటిపెట్టుకొనే ఉంటుంది, దానిని విడదీయుటకు వీలులేదు. సహోదరుని దస్తావేజులో అరువది గజాలని వ్రాసి ఉన్నది. ఆ తల్లి వచ్చిన క్రొత్తలో, “మన అరవై గజాలు ఎక్కడరా, ఒక కరివేపాకు మొక్క వేసుకుంటాను,” అని అడిగినదట. “అది చూపించేది కాదమ్మా, అందరిదీ కలిసి ఉంటుంది,” అన్నాడట కొడుకు. ఆమె పెయింటు డబ్బాలో మొక్క పెట్టి బాల్కనీలో ఉంచినది. బోరునీటి ఉప్పుకు అది ఆకులు పండి ఎండిపోయినది.

భూస్థాపన అయిన సాయంకాలం ఆ ఇంటికి ఒక యువ ఇంజనీరు వచ్చాడు. సహోదరుని పూర్వ విద్యార్థి. పట్టణంలోనే 1200 గజాల స్థలంలో, అయిదు అంతస్తులలో, ఇరువది ఫ్లాట్లకు ప్లాను గీస్తున్నాడు. ఉదయం తానుకూడ ఆ రోడ్డుమీద నిలిచినవాడే. చేతి సంచిలోనుండి కాగితము తీసి, “నడుమ వాకిలి పెట్టడానికి వీలుందా అని చూస్తున్నానండి,” అన్నాడు.

అతడు చార్లెస్ కొరియా పేరు చెప్పాడు. 1930లో మన సికింద్రాబాదులోనే పుట్టిన ఆర్కిటెక్టు. నవీ ముంబయిలోని బేలాపూర్‌లో 1980ల నడుమ తక్కువ ఎత్తు ఇండ్లు కట్టించాడు. ఏడేసి ఇండ్లకు నడుమ ఎనిమిది మీటర్ల చదరపు వాకిలి. అనగా ఇంచుమించు ఇరువది ఆరు అడుగులు. సింగపూర్‌లో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ 1960లో ఏర్పడినది. అది కట్టిన అనేక భవనములలో క్రింది అంతస్తు ఖాళీగా వదిలారు. అనుమతి తీసుకొని ప్రజలు పెండ్లిండ్లు అక్కడే జరుపుతారు, చనిపోయినవారినీ అక్కడే ఉంచి బంధువులను పిలుస్తారు. ఈ సంగతి విని సహోదరుడు చాలాసేపు మాట్లాడలేదు.

కాని లెక్క తేలిక కాదు. కట్టడం చుట్టూ నిబంధన ప్రకారం వదిలే సందు వదలక తప్పదు. వాకిలి కావాలంటే ఇండ్లలోనుండే కోయాలి. ఇరువది ఆరు అడుగుల చదరమంటే 676 చదరపు అడుగులు. అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు గనుక ఒక్కొక్కదానికి 169 అడుగుల నష్టం, అనగా ఒక పడకగది. “పడకగది వదులుకొని ఎవరు కొంటారండీ?” అన్నాడు అతడే. మరల తానే గీతలు చెరిపి, చీకటి నడవాకు, బాత్రూముల గాలి సందులకు పోయే చోటును వాకిలిలో కలిపాడు. తలుపులు, వంటగది కిటికీలు వాకిలివైపు త్రిప్పాడు. సగానికి సగం తిరిగి వచ్చిందన్నాడు. మిగతా సగం యజమానితో వాదించాలి. అతడు గెలుస్తాడో లేదో మరి.

కార్లు వాకిలిలోనికి రాకుండా నేలను రెండు అడుగులు ఎత్తు చేసి, వృద్ధులకు ఒక ప్రక్కన సన్నని వాలు పెట్టాడు. నడుమ సిమెంటు వేయక మట్టి వదిలాడు. చెట్ల సంగతి నన్ను అడిగాడు. ఉప్పునీటికి తట్టుకొనేవి కొబ్బరి, గంగరావి అని చెప్పాను. గన్నేరు కూడ బ్రదుకుతుంది గాని అది విషము, పిల్లలు ఆడుకొనే చోట వద్దన్నాను. కరివేపాకు కొరకు మేడమీది వాననీటిని ఒక తొట్టిలోనికి దించుతానన్నాడు. వడియాలు ఎక్కడ ఎండబెట్టుకుంటారని లోపలినుండి సహోదరుని భార్య అడిగింది. అతనికి ఆ ఆలోచనే రాలేదు. మేడమీద ఒక మూల గీశాడు.

వాకిలి ప్రక్కన ఒక పెద్ద గది, దానికి విడిగా ఒక కుళాయి, ఒక మరుగుదొడ్డి. పుట్టినరోజులకు, ప్రార్థన కూడికలకు, వ్రతములకు, ఎవరి అవసరము వారిది. ఆ గది తలుపు మూడున్నర అడుగులని వ్రాసి ఉన్నది.

“అయ్యగారండీ, పెట్టెను మోసేవాళ్లతో కలిపి ఎంత వెడల్పు కావాలండి?” అని అడిగాడు.

చాలా పెట్టెలు మోసినవాడను గనుక చేతులతో కొలిచి చూపించాను. అతడు రబ్బరుతో చెరిపి, అయిదు అడుగులని వ్రాసుకొన్నాడు.