కిటికీ కోసం పన్నెండు వేలు

మా ఇంట్లో ఏ పెద్ద ఖర్చయినా వంటింట్లోనే తేలుతుంది. నేను పొయ్యి దగ్గర, మావారు గడప దగ్గర స్టూలు మీద. అమ్మాయి పెళ్ళికి బంగారం ఎంత పెట్టాలన్నదీ, ఫ్రిజ్ ఎప్పుడు కొనాలన్నదీ అక్కడే అనుకున్నాం. అందుకే ఓడలో ఎంత ఖరీదు గది తీసుకోవాలన్న మాట కూడా అక్కడే నలిగింది. వనపర్తి వాళ్ళకు ఓడేమిటని నవ్వకండి. మొదట నేనూ నవ్వాను.

మా పెళ్ళయి ముప్పై ఏళ్ళు నిండాయి. హైదరాబాదులో వున్న మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, ఈసారి తిరుపతి కాదు, ఓడెక్కండి" అంది. విశాఖపట్నం నుంచి చెన్నై దాకా రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలు. 2022 జూన్‌లో కార్డీలియా వాళ్ళ ఎంప్రెస్ అనే పెద్ద ఓడ మొదటిసారి విశాఖ వచ్చినప్పుడు మనం అందరం టీవీలో చూశాం కదా, ఆ తరహా ప్రయాణం. 2023లో ఆ పోర్టులో ఇలాంటి ఓడల కోసమే ప్రత్యేకంగా టెర్మినల్ కూడా తెరిచారు.

ఒకప్పుడు మన తెలుగువాళ్ళు ఓడెక్కడమంటే రంగం వెళ్ళడమే. విశాఖ నుంచి, కాకినాడ నుంచి కూలిపనికి బయల్దేరినవాళ్ళు డెక్కు మీద చాప పరుచుకుని, ఎండకీ వానకీ ఓర్చుకుని రంగూన్ చేరేవారు. గది అన్న మాటే వాళ్ళకు లేదు. ఇక మా పాలమూరు వాళ్ళ ప్రయాణాలు మీకు తెలియనివి కావు. ఎక్కడ ఆనకట్ట కడుతుంటే అక్కడికి మూటాముల్లె సర్దుకుని మట్టి పనికి పోయారు. చూడ్డానికని ప్రయాణం కట్టినవాళ్ళు మాలో తక్కువ. అందుకేనేమో, అమ్మాయి మాట విన్నాక నవ్వొచ్చినా, ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

డబ్బు సంగతి చెప్తాను. చీరలకు ఫాల్, పికో కుట్టి నేను కట్టుకున్న చీటీ తొంభై వేలు చేతికొచ్చింది. అందులో పదిహేను వేలు వంటింటి స్లాబుకని ముందే అనుకున్నాం. రెండేళ్ళుగా వాన పడితే పొయ్యి పక్కనే కారుతోంది. మిగిలిన డబ్బుతో ప్రయాణం.

ఓడలో గదులు మూడు నాలుగు రకాలు. లోపలి గదికి కిటికీ వుండదు, నాలుగు గోడలే. దానికంటే ఎక్కువ పెడితే కిటికీ గది. ఆ కిటికీ తెరుచుకోదు, అద్దంలోంచి సముద్రం కనిపిస్తుంది, అంతే. ఇంకా పెడితే బాల్కనీ, ఆపైన సూట్లు. మా ముగ్గురికీ కలిపి లోపలి గది అరవై వేలు, కిటికీ గది డెబ్భై రెండు, బాల్కనీ తొంభై ఆరు అని చెప్పారు. ముగ్గురంటే మేమిద్దరం, మా అత్తమ్మ.

"బాల్కనీ తీసుకోమ్మా, తేడా నేనిస్తా" అంది అమ్మాయి. ఇంటి వాయిదా, పిల్లాడి బడి ఫీజు నెత్తిన పెట్టుకున్న పిల్ల దగ్గర ఎలా తీసుకుంటాం? వద్దన్నాను.

మావారు మాత్రం ఒక్క మాటలో తేల్చేశారు. "నిద్రపోనీకి కిటికీ ఎందుకు? తిండి ఒకటే, పాటల ప్రోగ్రాం ఒకటే, సముద్రం అందరిదీ. పైకెక్కి చూస్తే వద్దంటరా?"

ఆయన మాటలో తప్పు లేదు. నేనూ లెక్క వేశాను. మొదటి రోజు సాయంత్రం నాలుగుకు ఎక్కితే మూడోనాడు పొద్దున ఎనిమిదికి దిగుతాం. నలభై గంటలు. మాకు నిద్ర పద్నాలుగు, తిండి ఎనిమిది, తిరగడం, ఆటపాటలు పన్నెండు. గదిలో మెలకువగా వుండేది ఆరు గంటలు. ఆ ఆరు గంటల కిటికీకి పన్నెండు వేలంటే గంటకు రెండు వేలు! అంత పెట్టి చూసేంత సముద్రం వుంటుందా? లోపలి గదే అనుకున్నాం. స్లాబూ అవుతుంది, ప్రయాణమూ అవుతుంది.

అంతలో మా ఆడపడుచు కూతురికి పెట్టుబడి చీర కొనాలని గద్వాల వెళ్ళాను. మగ్గం ఇంట్లోనే కొంటే నాలుగు రకాలు చూడొచ్చని నా అలవాటు. గద్వాల చీర అందం మీకు చెప్పక్కర్లేదు. నడిమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పోగుకు పట్టు పోగు ముడిపెట్టి కలుపుతూ నేస్తారు. నేను పూర్తి పట్టుచీర పట్టుకుని వదల్లేక చూస్తుంటే, ఆ ఇంటి పెద్దామె అంది: "అమ్మా, పిల్ల దినాం కట్టాలంటే ఒంటికి నూలే సుఖం. పట్టు యాడ కనపడాల్నో ఆడ పెడితే సాలు. మా పెద్దోళ్ళు ఊరికే పెట్టిండ్రా ఈ తీరు?"

బస్సులో వస్తూ ఆ మాటే మెదిలింది. పట్టు ఎక్కడ పెట్టాలి? గది ఎవరికి అక్కర? నేను వేసిన లెక్క నాదీ, మావారిదీ. అత్తమ్మ లెక్క వెయ్యనే లేదు!

ఆవిడకు డెబ్భై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఇంట్లోనే గోడ పట్టుకుని నడుస్తుంది. పూటకోసారి భోజనానికి తీసుకెళ్ళి, సాయంత్రం కాసేపు డెక్కు మీద కూర్చోబెట్టినా, మిగతా ముప్పై గంటలు ఆవిడ గదిలోనే. అప్పుడు కిటికీ గంటకు నాలుగు వందలు. పైగా, కిటికీ లేని గదిలో ఆ ముప్పై గంటలు ఆవిడ గోడను చూస్తూ పడుకోవాలి. గోడ చూడ్డానికైతే వనపర్తిలో మా గోడ లేదా?

ఇంకో సంగతి కూడా వుంది. అత్తమ్మ పుట్టిల్లు కొల్లాపురం వైపు కృష్ణ ఒడ్డున వుండేది. వుండేది అనే చెప్పాలి. శ్రీశైలం డ్యాము నీళ్ళలో 1981లో మునిగిపోయింది. అలా మునిగినవి దాదాపు వంద ఊళ్ళు. అప్పటికి ఆవిడకు పెళ్ళయి పిల్లలున్నారు. పుట్టింటివాళ్ళు తలుపులూ దూలాలూ బండిలో వేసుకుని గట్టు మీదికొచ్చారట. నాగర్‌కర్నూల్ జిల్లాలో సోమశిల ఇప్పుడు పెద్ద టూరిస్టు స్థలం. అక్కడ్నుంచి నల్లమల కొండల మధ్యగా శ్రీశైలానికి లాంచీలు కూడా నడిపారు. మేం ఎన్నిసార్లు పిలిచినా అత్తమ్మ మాత్రం ఆ పడవ ఎక్కలేదు. "మా ఊరి మీదికెల్లి పడవల పోతరా ఎవరన్న?" అంటుంది. అలాంటి మనిషి, సముద్రం అనగానే, "ఒక్కపారి సూస్త బిడ్డా" అంది. ఆవిడ నోరు తెరిచి ఏదన్నా అడగడం ఈ ముప్పై ఏళ్ళలో నేను విన్నది తక్కువ.

రాత్రి పొయ్యి కట్టేసి మావారితో చెప్పాను. "స్లాబు దీపావళికి చేయిద్దాం. కిటికీ గది తీసుకుందాం." ఆయన పైకి చూశారు, స్లాబు వైపు. "వానాకాలం ముందరుంది" అన్నారు. "తపేలా పెడతా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రైలు ఏసీ వద్దులే, స్లీపర్ చేయిస్త" అన్నారు. మావారు ఒప్పుకున్నారనడానికి మా ఇంట్లో అదే గుర్తు.

కొత్త చీరలు మానుకున్నాం. ఇంట్లో సకినాలు, జొన్నరొట్టె, పల్లీల పొడి కట్టుకున్నాం. వనపర్తి నుంచి బస్సులో హైదరాబాదు, సికింద్రాబాదులో విశాఖ రైలు. అత్తమ్మకు కింది బెర్తు ముందే అడిగి పెట్టుకున్నాం.

ఇక ఓడ సంగతి. గది మన వంటింటంత. ముగ్గురిలో ఒకరికి మంచం గోడలోంచి దిగుతుంది, నిచ్చెన ఎక్కాలి. అది మావారికి వచ్చింది! అత్తమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టి పరదా తీశాను. రేవు దీపాలు కాసేపు కనిపించాయి. అవి దాటాక చీకటి. సముద్రమూ లేదు, ఆకాశమూ లేదు, అద్దంలో మా మొహాలే. "పన్నెండు వేలు పెట్టి అద్దం కొన్నవా?" అన్నారు మావారు పైనుంచి. నాకు ఏడుపొక్కటే తక్కువ.

పొద్దున సూర్యోదయమైనా చూపిద్దామని అయిదింటికే లేచాను. మా కిటికీ ఓడకు కుడివైపు. విశాఖ నుంచి చెన్నైకి పోయే ఓడకు తూర్పు ఎడమ చేతి వైపు వుంటుంది. ఆ మాట గది తీసుకునేటప్పుడు నాకు తట్టనే లేదు. వెలుతురు వచ్చింది కాని, సూర్యుడు రాలేదు.

అయితే ఆ వెలుతురులో నీళ్ళు కనిపించాయి. ఎంత దూరం చూసినా నీళ్ళే. అత్తమ్మ కొంగు సర్దుకుని అద్దానికి దగ్గరగా జరిగింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నన్ను అడిగింది, "ఈ నీళ్ళ కింద ఎవరి ఊరూ లేదు గదా?"

"లేదత్తమ్మా, ఇది సముద్రం. ఎప్పట్నుంచో ఇంతే" అన్నాను.

"అయితే సూస్త" అంది.

ఆ రోజంతా చూసింది. టిఫిన్‌కు రమ్మంటే, "ఈడికే తెస్తివా?" అంది. ఇడ్లీ తెచ్చిచ్చాను. మధ్యాహ్నం ఓడ కాస్త ఊగడం మొదలైంది. డెక్కు మీద ఫోటోలు దిగుదామనుకున్న నాకే కడుపులో తిప్పింది. గదిలోకొచ్చి పడ్డాను. అప్పుడు అత్తమ్మే నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, "దూరం సూడు, గీత లెక్క వున్నది సూడు" అంది. దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత మీద చూపు నిలిపితే నిజంగానే తిప్పడం తగ్గింది. ఎడ్లబండి మీద కడుపులో తిప్పినా ఇట్లనే దూరం చూడమనేవారట. ఓడ డాక్టర్లు చెప్పేదీ అదే. లోపలి గదిలో ఆ గీత ఎక్కడిది? ఆరు గంటలనుకున్న నా లెక్క పన్నెండు గంటలైంది.

సాయంత్రం సూర్యుడు మా వైపుకు వచ్చాడు. కిటికీ నిండా ఎర్రటి వెలుగు. మావారు పైకెళ్ళి చూస్తానన్న మనిషి, కింద మంచం మీద అమ్మ పక్కన కూర్చుని చూశారు. ఆ వేళ డెక్కు మీద పాటలు జోరుగా వున్నాయి. ఎవరమూ వెళ్ళలేదు.

బాల్కనీ తీసుకోనందుకు బాధపడ్డానా అంటే, లేదు. ఆ గాలికి అత్తమ్మ పది నిమిషాలు కూడా బయట కూర్చోలేకపోయేది. ఆ ఇరవై నాలుగు వేలు మాకు వృథా. మేమిద్దరమే వెళ్ళి వుంటే కిటికీ కూడా వద్దనేదాన్ని, ఆ డబ్బుతో స్లాబు చేయించుకునేదాన్ని.

మీలో ఎవరైనా వెళ్ళాలనుకుంటే నాకు తెలిసిన నాలుగు మాటలు:

గది ఎవరికోసమో ముందు అనుకోండి. గదిలో ఎక్కువసేపు వుండేది ఎవరో, ఎన్ని గంటలో లెక్క కట్టండి. నడవగలిగినవాళ్ళూ, పడుకోగానే నిద్రపోయేవాళ్ళూ అయితే లోపలి గది హాయి. చీకటిగా వుంటుంది కాబట్టి నిద్ర బాగా పడుతుంది. తెల్లారింది తెలియదు, గడియారం చూసుకోవాలి.

కడుపులో తిప్పే గుణం వుంటే ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో గది అడగండి. అక్కడ ఊగడం తక్కువ. ముందు కొసా, వెనక కొసా, పై అంతస్తులూ ఎక్కువ ఊగుతాయి.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు లిఫ్టు దగ్గరి గది అడగండి. ఓడ వసారా మన వీధంత పొడుగు. పాటల హాలు కింద గానీ, వంటశాల పక్కన గానీ గది వస్తే నిద్ర వుండదు.

కిటికీ గది చవగ్గా ఇస్తామంటే ఎందుకో అడగండి. కొన్ని కిటికీల ముందు ప్రాణరక్షణ పడవలు వేలాడుతుంటాయి. పడవ అడుగు చూడ్డానికి డబ్బు దండగ. ఓడ ఎటు పోతుందో, సూర్యుడు ఏ వైపో కూడా కనుక్కోండి. నాలా మర్చిపోకండి.

చెప్పిన ధరలో పన్నులు, పోర్టు చార్జీలు కలిశాయో లేదో కాగితం మీద రాయించుకోండి. చల్లని డ్రింకుల దగ్గర్నుంచి ఏవి విడిగా కొనాలో కూడా ముందే అడగండి.

చెన్నైలో రైలెక్కి గద్వాలలో దిగి, బస్సులో ఇల్లు చేరాం. వారం తిరక్కుండా వాన. పొయ్యి పక్కన తపేలా పెట్టాను. టప్ టప్‌మని చుక్కలు పడుతుంటే, "మీ కిటికీ కారుతోంది" అన్నారు మావారు. అత్తమ్మ తన మంచం మీద నుంచే నవ్వింది. దీపావళికి స్లాబు చేయించాం, ఫాల్ కుట్టిన డబ్బుతోనే.

మొన్న అమ్మాయి వచ్చినప్పుడు అత్తమ్మ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "నీళ్ళు తగ్గినంక ఎండకాలంల నన్నొకపారి సోమశిల తీస్కపోతవా?" అని అడిగింది. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎండాకాలంలో వెళ్తున్నాం. ఆ ప్రయాణానికి గది అక్కర్లేదు. ఒడ్డున ఆవిడ కూర్చోడానికి ఒక కుర్చీ తీసుకెళ్తే చాలు.